ముందు తిరుగు బండి చూడండి

చెన్నై హాస్టల్లో ఉండేవాళ్లకి ఆదివారం ఒక్కటే ఖాళీ. ఒక్కడినే ఎక్కడికైనా వెళ్లాలనుకున్నా. మహాబలిపురానికి రైలు లేదు. బెంగళూరైతే సగం రోజు బండిలోనే పోతుంది. తిరుపతి సుమారు 150 కి.మీ. సప్తగిరి ఎక్స్‌ప్రెస్ పొద్దున తీసుకెళ్లి, సాయంత్రం వెనక్కి తెస్తుంది.

టైమ్ చివరి నుంచి లెక్కేశా. 4 కల్లా కొండ మీద బస్సెక్కాలి. అలిపిరి నుంచి నడిస్తే దాదాపు 9 కి.మీ., 3,550 మెట్లు. నాకు 4 గంటలు. మిగిలేది గంటన్నర. క్యూలో ఎంతసేపో చెప్పలేం. అందుకే దర్శనం వదిలేశా.

"దర్శనం లేకుండా కొండకు పొయ్యేదేందిరా?" అంది అమ్మ ఫోన్‌లో. నాకేం చెప్పాలో తోచలేదు.

మెట్టు మెట్టుకీ పసుపు, కుంకుమ పెడుతూ ఒక పెద్దావిడ ఎక్కుతోంది. ఇంట్లోవాళ్లతో వచ్చినప్పుడు "పదండి, టికెట్ టైమ్ దాటిపోతోంది" అంటూ ఇలాంటివాళ్లను దాటేసేవాళ్లం. ఈసారి కుంకుమ పొట్లం నేను పట్టుకుని, ఆవిడతో పాటే 50 మెట్లు ఎక్కా.

"ఒక్కడివే వచ్చినావా నాయనా?"

"అవునవ్వా."

పైన మహాద్వారానికి బయటి నుంచే దండం పెట్టి బస్సెక్కా. అమ్మకి ఆ 50 మెట్ల గురించే చెప్పా. "సరేలే" అంది.

ఒక్కరే వెళ్లాలనుకుంటే ముందు తిరుగు బండి చూడండి. తర్వాత ఏది వదులుకోవాలో తేల్చుకోండి. మిగిలిన టైమంతా మీదే.