స్విచ్చున్న ఆసు

చీర నేతకు ముందు దారాన్ని మేకులకు పోసే ఆసు యంత్రం చూసి రాయమని సంపాదకులు పంపారు. ఆలేరు పక్క పల్లెలో, తెలిసినవాళ్ల ఇంట్లో యంత్రం తిరుగుతూనే ఉంది. నేను మాత్రం గోడకు ఆనించిన పాత చట్రం దగ్గరే ఉండిపోయాను. చేత్తో ఆసు ఎట్లా పోసేవారో చూపిస్తానని ఇంటి పెద్దమ్మ దాన్ని కిందికి దింపింది.

కుడిచేతి వేళ్ల మధ్య దారం. ఇటు చివర మేకు నుంచి, అటు అర్ధచంద్రంగా బిగించిన మేకుల దాకా చెయ్యి చాచాలి, ఒక మేకుకు తగిలించి వెనక్కి రావాలి, మళ్లీ పోవాలి. వేళ్లు ఇప్పటికీ తడబడటం లేదు. భుజమే, ఇరవయ్యో ముప్పయ్యో సార్లకు నిలిచిపోయింది. పోచంపల్లి చీర ఒక్కదానికి ఇలా సుమారు 9 వేల సార్లు. రోజుకు రెండు చీరలైతే 18 వేలు. ఆ తర్వాతే చిటికి కట్టడం (రంగు అంటకూడని చోట దారాన్ని బిగించి కట్టడం), రంగులద్దడం, మగ్గం. చీర గురించి రాసేవాళ్లు సాధారణంగా మగ్గం దగ్గరే మొదలుపెడతారు.

తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక, బడి మధ్యలో మానేసిన షార్జీపేట చింతకింది మల్లేశం ఏళ్ల తరబడి తంటాలు పడి 1999లో ఈ యంత్రం తయారుచేశారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. 2019లో ఆయన కథతో సినిమా కూడా వచ్చింది. ఆయన మీద నాకున్న గౌరవం ఆ ఇంట్లో ఇంకా పెరిగింది. చిరాకు పుట్టింది మిగతావాళ్ల మీద.

"అప్పట్ల ఆసు ఆలిశమైతే మగ్గం ఆగేది బిడ్డా. మగ్గం ఆగితే ఈయన చెయ్యి లేసేది" అంది పెద్దమ్మ, దారం తెంపుతూ.

గుంట మగ్గంలో కూర్చున్న పెద్దాయన తలెత్తలేదు. "ఆ దినాలల్ల అందరిండ్లల్ల అట్లనే ఉండె" అన్నాడు. మగ్గం చప్పుడు మాత్రం ఆగలేదు.

యంత్రం నడిపేది కొడుకు. "మా అమ్మ మస్తు కష్టపడ్డదక్కా" అన్నప్పుడు అతని గొంతు నిజంగానే పూడుకుపోయింది. మరి నువ్వెప్పుడైనా చేత్తో ఆసు పోశావా అంటే నవ్వాడు. "మిషిన్ల అయితే నేనే పోస్త. చేత్తోనైతే అది ఆడోళ్ల పని గదా."

లోపలి నుంచి కోడలు అందుకుంది. "కుక్కరుకు గూడ స్విచ్చే ఉన్నది. దాన్నెందుకు ముట్టరో అడుగక్కా."

నేను అడిగాను. అతను దారం తెగిందని లేచాడు.

యంత్రం గురించి రాయాల్సినదంతా నాకు కోడలి ఆ ఒక్క మాటలో దొరికింది. కరెంటు తగలగానే ఆడవాళ్ల పని మగవాళ్ల పనైపోయింది. వంటింట్లో ఎంత కరెంటున్నా ఆ మార్పు రాలేదు. తల్లి భుజాన్ని తలుచుకుని ఏడ్చే మగవాళ్లు మనకు కొదవలేదు, సినిమాలూ వాళ్లకోసమే. పక్కనే ఉన్న భార్య భుజం మాత్రం వాళ్లకు ఆనదు. అమ్మ కష్టానికి దండం పెడితే సరిపోతుంది, భార్య కష్టాన్ని పంచుకోవాల్సి వస్తుంది.

కొట్టడానికీ దీనికీ సంబంధం లేదనుకోకండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఏదో ఒక కారణానికి భర్త కొట్టడం సబబేనన్న స్త్రీలు తెలంగాణలో నూటికి దాదాపు 84 మంది, ఆంధ్రప్రదేశ్‌లోనూ అంతే. సర్వేవాళ్లు ఏకరువు పెట్టిన కారణాల్లో వంట సరిగా చేయకపోవడం, ఇంటినీ పిల్లల్నీ పట్టించుకోకపోవడం ఉన్నాయి. అంటే పని. పెద్దమ్మ చెప్పిన ఆసు కూడా ఆ కోవలోదే. అది ఆమె పనే అని ఖాయం చేశాక, పని జరగనప్పుడు శిక్ష వేసే హక్కు అతనికి వచ్చేసినట్టే.

2005 గృహహింస చట్టం దెబ్బల్నే కాదు, స్త్రీకి రావలసిన డబ్బు దక్కనివ్వకపోవడాన్నీ హింసగానే లెక్కించింది. సఖి కేంద్రాలున్నాయి, భరోసా కేంద్రాలున్నాయి, షీ టీమ్‌లున్నాయి. అవన్నీ ఉండాల్సినవే. కాకపోతే దెబ్బ తిన్నాక ఆమె వెతుక్కుంటూ వెళ్లాల్సిన చోట్లే ఎక్కువ. కొట్టకముందే మగవాళ్లను కూర్చోబెట్టి మాట్లాడే చోటు ఆ పల్లెలో ఒక్కటీ కనిపించలేదు. కల్లు దుకాణం దగ్గరా, సంఘం అరుగు మీదా రోజూ కూర్చునేది వాళ్లే. మాట్లాడాల్సింది అక్కడే, అదీ తోటి నేతగాడే.

ఏటా ఆగస్టు 7న చేనేత దినోత్సవం చేస్తాం, నేతన్నలకు శాలువాలు కప్పుతాం. ఈసారి సంఘం పెద్దలు వేదిక మీద నేతగాణ్ని ఒక మాట అడగాలి: ఆసు పోసినందుకు, కండెలు చుట్టినందుకు ఇంట్లో ఆడమనిషి చేతికి ఎంత ఇచ్చావు, ఆమె మగ్గమెక్కిన రోజు పొయ్యి దగ్గర నువ్వేం చేశావు? జవాబు చెప్పినవాడికే శాలువా కప్పండి.