ఆపండి, ఆనక తేలుద్దాం

2017 మే 18న కులభూషణ్ జాధవ్ కేసులో హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం మధ్యంతర ఉత్తర్వు ఇచ్చినప్పుడు, మా ఆఫీసు క్యాంటీన్లో చాలామంది "గెలిచాం" అన్నారు. అప్పటికింకా ఎవరూ గెలవలేదు. మేం తేల్చేదాకా ఉరి తీయకండి అని మాత్రమే కోర్టు అంది. తుది తీర్పు 2019 జూలైలో గానీ రాలేదు.

మన భాషలో ఇది కోడ్ ఫ్రీజ్. ఎవరి డిజైన్ కరెక్టో తర్వాత చూద్దాం, ముందు డేటాబేస్ చెరపకండి, అంతే. 1999లో అమెరికా ఈ మాట వినలేదు. కోర్టు ఆపమన్నా, వాల్టర్ లాగ్రాండ్ అనే జర్మన్ పౌరుడికి అరిజోనాలో మరణశిక్ష అమలు చేసేశారు. ఇలాంటి ఉత్తర్వులు పాటించి తీరాల్సిందేనని 2001లో అదే కోర్టు తేల్చింది. పోయిన మనిషికి బ్యాకప్ ఎక్కడిది?

ఇదే మందు మా నెల్లూరు తీరంలో మన సుప్రీం కోర్టు వాడింది. రొయ్యల గుంటల మీద సర్వోదయ నాయకుడు ఎస్. జగన్నాథన్ వేసిన కేసులో, పోటు గీత నుంచి 500 మీటర్ల లోపు కొత్త కట్టడాలు రానివ్వొద్దని 1994 డిసెంబర్లో ఆదేశించింది. పొలాలు గుంటలుగా మార్చొద్దని, గుంటల కోసం భూగర్భ జలం తోడొద్దని 1995లో చెప్పింది. మా జిల్లా కుర్రు గ్రామంలో నీళ్ళు ఉప్పుబారి మత్స్యకారులకి తాగునీరే లేకుండా పోయిన సంగతి కూడా ఆ కేసులో ప్రస్తావనకొచ్చింది. 1996 డిసెంబర్ 11న తీర్పొచ్చింది. సంప్రదాయ పద్ధతివి తప్ప తీర నియంత్రణ మండలిలోని గుంటలన్నీ 1997 మార్చి 31 లోపు తీసెయ్యాలని!

తీశారా? లేదు. రివ్యూ పిటిషన్లు పడ్డాయి, 1997లో యథాతథ స్థితి అన్నారు. నిన్నటిదాకా బెస్తపాలేనికి కాపు కాసిన "ఆపండి" ఇప్పుడు గుంటలకి కాపు కాసింది. 2005లో పార్లమెంటు తీర ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేసి, అందులోని మినహాయింపుని 1991 ఫిబ్రవరి నుంచే వర్తింపజేసింది.

గుంటల వాళ్ళని తిట్టడం నా ఉద్దేశం కాదు. మా బంధువుల్లోనూ ఉన్నారు, అప్పులు చేసి దిగినవాళ్ళే. కానీ తాత్కాలికంగా ఆపేటప్పుడు చూడాల్సింది ఒక్కటే: ఎవరి నష్టం వెనక్కి తిప్పలేనిది? గుంట పూడిస్తే పరిహారం ఇవ్వొచ్చు. ఉప్పెక్కిన ఊటకి ఏ రోల్‌బ్యాకూ లేదు. ఎనిమిదేళ్ళు సాగిన ఫ్రీజ్‌ని ఫ్రీజ్ అనరు, రిలీజ్ అంటారు.

తీరం వైపు వాళ్ళెవరైనా ఉంటే చెప్పండి, మీ ఊళ్ళో బోరు నీళ్ళు ఇప్పుడు నోట్లో పెట్టుకునేలా ఉన్నాయా?