రెండొందల ఒకటో యూనిట్

కరెంట్ బిల్లు చేతికి రాగానే మనందరం చూసేది ఒక్కటే అంకె, అడుగున ఉండే మొత్తం. అది బాగుంటే చీటీ క్యాలెండర్ వెనక్కి పోతుంది. బాగోలేకపోతే ఇంట్లో విచారణ మొదలవుతుంది. ఎవరు ఫ్యాన్ ఆపకుండా బయటికి పోయారు, ఎవరి ఫోన్ రాత్రంతా చార్జింగ్‌లో ఉంది... పైనున్న వరసల జోలికి మాత్రం ఎవరూ పోరు. అసలు కథంతా ఆ వరసల్లోనే ఉంటుంది.

మేముండేది నాచారంలో, ఇండస్ట్రియల్ ఏరియాకి దగ్గరగా, ఒక ఇంటి కింది పోర్షన్‌లో అద్దెకి. నాన్న అక్కడే ఒక కంపెనీలో లేత్ ఆపరేటర్. అమ్మ ఇంట్లో బట్టలు కుడుతుంది. బ్లౌజులు, ఫాల్, పీకో, అన్నీ. రేషన్ కార్డు ఉంది, మా పోర్షన్‌కి వేరే మీటర్ ఉంది కాబట్టి గృహజ్యోతి కింద 2024 మార్చి నుంచి మాకు జీరో బిల్లే. నెలకి 200 యూనిట్ల లోపు కాలితే డబ్బులు ప్రభుత్వమే డిస్కమ్‌కి కడుతుంది. దాటితే? దాటిన నాలుగు యూనిట్లకే కడితే సరిపోతుందనుకునేవాళ్ళు మా వీధిలో ఇంకా ఉన్నారు. కాదు. మొత్తం మనమే కట్టాలి.

మొన్న ఎండాకాలం మాకు 214 యూనిట్లు కాలాయి. బిల్లు 1,260 రూపాయలు దాటింది. చీటీ చూసి నానమ్మ, "గిదేంది బిడ్డా, పోయిన్నెల సున్నా ఉండె గదా" అంది. నాన్న ఇంకేం మాట్లాడకుండా అమ్మ కుట్టుమిషన్ వైపు చూశాడు. "మోటర్ పీకేద్దాం. మునుపటి లెక్క కాళ్ళతో తొక్కితే కరెంట్ ఎందుకు కాలుతది" అన్నాడు. అమ్మకి మోకాళ్ళ నొప్పులు. ఆ మోటర్ పెట్టించుకున్నదే అందుకు. తొక్కుడు మిషన్ మీద కుట్టాలంటే వచ్చిన బట్టల్లో సగం వాపస్ చేయాలి. అమ్మ ఏమీ అనలేదు. మర్నాడు వచ్చిన ఒకావిడకి మాత్రం "ఈ నెల కష్టం అక్కా" అని చెప్పి పంపింది. ఇంట్లో ఈఈఈ చదివేవాడొకడు ఉండి, రుజువు లేకుండా మిషన్‌కి శిక్ష పడితే ఎలా?

ముందు బిల్లు సంగతి. తెలంగాణలో 2022 ఏప్రిల్ నుంచి ఉన్న ఇళ్ళ రేట్లు చూడండి. నెలకి 100 యూనిట్ల లోపు వాడేవాళ్ళకి మొదటి 50 యూనిట్లు 1.95, తర్వాతి 50 యూనిట్లు 3.10. వంద దాటి 200 లోపైతే మొదటి వంద 3.40, రెండో వంద 4.80. రెండొందలు దాటారా, మొదటి 200 మొత్తం 5.10, ఆ పైన 300 దాకా 7.70. అంటే ఇవి మామూలు మెట్లు కావు. మామూలు మెట్ల మీద పైకెక్కితే పై మెట్టుకే రేటు మారాలి. ఇక్కడ ఎక్కేసిన కింది మెట్ల రేటు కూడా వెనక్కి వెళ్ళి మారిపోతుంది. 200 యూనిట్లకి ఎనర్జీ చార్జీ 820 రూపాయలు. 201 యూనిట్లకి 1,027 రూపాయల 70 పైసలు. ఆ ఒక్క యూనిట్ ఖరీదు 207 రూపాయల 70 పైసలన్నమాట! దీని మీద కస్టమర్ చార్జీలు, కిలోవాట్‌కి 10 రూపాయల ఫిక్స్‌డ్ చార్జీ, యూనిట్‌కి 6 పైసల సుంకం. ఇక జీరో బిల్లు ఇంటికైతే సున్నా నుంచి నేరుగా పన్నెండు వందలకి దూకుడే. మాకు ఆ 14 యూనిట్లు ఒక్కోటి 90 రూపాయలు పడ్డాయి.

ఈ మెట్ల లెక్క 2020లో అందరికీ ఒకసారి తగిలింది. లాక్‌డౌన్‌లో రీడింగ్ తీయడం ఆగి, జూన్‌లో మూడు నెలలది కలిపి తీసినప్పుడు స్లాబ్ మారిపోయిందని జనం లబోదిబోమన్నారు. "స్లాబ్" అంటే ఇంటి పైకప్పు ఒక్కటే కాదని మా వీధికి తెలిసింది అప్పుడే.

ఇంకో లెక్క. ఉప్పల్‌లో రూమ్ తీసుకుని ఉండే మా క్లాస్‌మేట్ ఇంట్లో రెండు పోర్షన్లకి ఒకటే మీటర్. చెరో 130 యూనిట్లు అనుకోండి. మీటర్లు వేరుగా ఉంటే ఎనర్జీ చార్జీ ఒక్కొక్కరికి 484, ఇద్దరికీ కలిపి 968. ఒకే మీటర్ మీద 260 కాబట్టి 1,482. ఓనర్ మాత్రం సబ్‌మీటర్ చూసి యూనిట్‌కి 10 రూపాయలు వసూలు చేస్తాడు, అంటే మావాడి వాటా 1,300. అద్దెకి దిగేముందు గాలీ వెలుతురూ ఎలా ఉన్నాయో, మంజీరా నీళ్ళు ఎన్ని రోజులకోసారి వస్తాయో అడుగుతాం. మీటర్ ఎవరిదని కూడా అడగండి.

సరే, మా ఇంటి విచారణకి వస్తా. మెట్ల కింద ఉన్న మీటర్ మీద ఎర్ర లైటు ఒకటి మినుకుమినుకుమంటుంది కదా, అది అలంకారం కాదు. దాని పక్కన చిన్న అక్షరాల్లో ఒక అంకె ఉంటుంది. మా మీటర్‌కి 3200. అన్నిసార్లు మినుకుమంటే ఒక యూనిట్ కాలినట్టు. ఇంట్లో అన్నీ ఆపేసి ఒక్క వస్తువే నడిపిస్తూ ఫోన్‌లో టైమ్ చూసుకుంటే చాలు, ల్యాబ్ అక్కర్లేదు. ముందు ఫ్యాన్ పెట్టా. పది మినుకులకి రెండున్నర నిమిషాలు పట్టింది, లెక్క కడితే 75 వాట్లు. రాసినంతే తీసుకుంటోంది.

తర్వాత ముద్దాయి. అమ్మని మామూలుగా కుట్టమన్నా. పది నిమిషాల్లో 30 మినుకులు. మోటర్ మీద 100 వాట్లు అని ఉన్నా, కుట్టేటప్పుడు గుడ్డ తిప్పడం, దారం తెంపడం, మళ్ళీ పెట్టడం, సగం సమయం మోటర్ ఆగే ఉంటుంది. రోజుకి ఆరు గంటల లెక్కన 26 రోజులకి తొమ్మిది యూనిట్లు కూడా లేవు. ఇస్త్రీ పెట్టె ఇంకో ఏడు. మిషన్ మొత్తం మానేసినా మాకు 205 వచ్చేవి, బిల్లు అప్పుడూ తప్పేది కాదు. పైగా ఆ తొమ్మిది యూనిట్లని 7.70 చొప్పున లెక్కేసినా 70 రూపాయలు. సాదా బ్లౌజు ఒక్కటి కుడితే అంతకంటే ఎక్కువే వస్తుంది.

దొంగ వంటగదిలో దొరికాడు. ఆదివారం అందరూ పెళ్ళికి పోతే నేను ఉండిపోయి, ఒక్క ఫ్రిజ్‌నే ఉంచి మీటర్‌ని గంటసేపు వీడియో తీశా. 416 మినుకులు. రోజుకి మూడు యూనిట్ల పైన, నెలకి 94! ఫ్రిజ్‌లో కంప్రెసర్ కాసేపు నడిచి కాసేపు ఆగాలి. మాది ఆగడమే మర్చిపోయింది. తలుపు మధ్య పది రూపాయల నోటు పెట్టి మూసి లాగితే నోటు హాయిగా బయటికొచ్చింది. తలుపు చుట్టూ ఉండే రబ్బరు అరిగి, ఒక మూల చీలిపోయింది. మే నెల వేడి గాలి లోపలికి, మా చల్లదనం వంటింట్లోకి. మల్లాపూర్ నుంచి మెకానిక్ వచ్చి రబ్బరు మార్చాక మళ్ళీ గంట కొలిస్తే 260 మినుకులు. నెలకి 35 యూనిట్లు తగ్గాయి. పాత ఫ్రిజ్‌కి ఇది కూడా ఎక్కువే, కానీ కొత్తది ఇప్పట్లో కొనేది లేదు.

ఈ కాగితం నాన్న ముందు పెట్టా. రెండుసార్లు చదివి, "మా కంపెనీల గూడ గిట్లనే, కంప్రెసర్ లీకైతే బిల్లు పేలిపోతది" అన్నాడు. మోటర్ మాట మళ్ళీ ఎత్తలేదు. ఆ సాయంత్రం అమ్మే ఆ అక్కకి ఫోన్ చేసి బట్టలు తెప్పించుకుంది.

మధ్యలో మా బాబాయి ఒక డబ్బా తెచ్చాడు. ప్లగ్గులో పెడితే బిల్లు సగమవుతుందని ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర అమ్మారట. విప్పితే ఒక కెపాసిటర్, ఒక పచ్చ లైటు. ఫ్యాక్టరీల హెచ్‌టీ కనెక్షన్లకి కేవీఏహెచ్‌లో బిల్లు వేస్తారు కాబట్టి వాళ్ళకి పవర్ ఫ్యాక్టర్ సరిచేసుకుంటే లాభం. ఇళ్ళకి కిలోవాట్ అవర్లే, కాబట్టి డబ్బా పెట్టినా తీసినా మా ఫ్యాన్‌కి అవే పది మినుకులు, అవే రెండున్నర నిమిషాలు. ఆ పచ్చ లైటు మాత్రం కొంచెం కరెంట్ తింటుంది.

ఫ్యాన్ల సంగతే తేలలేదు. 2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్లకి స్టార్ లేబుల్ తప్పనిసరి అయ్యింది, బీఎల్‌డీసీ ఫ్యాన్ అయితే 30 వాట్లలో తిరుగుతుంది. రోజుకి 14 గంటలు తిరిగే ఫ్యాన్ మారిస్తే నెలకి 19 యూనిట్లు మిగులుతాయి. కానీ జీరో బిల్లు ఇంట్లో 180 అయినా సున్నే, 160 అయినా సున్నే. ఫ్యాన్ డబ్బులు ఎలా తిరిగొస్తాయి అంటాడు నాన్న. 200 దాటే నెలలు రెండు తప్పితే వచ్చేస్తాయి అంటాను నేను. వాదన నడుస్తూనే ఉంది.

అమ్మ మాత్రం తన పద్ధతి తను పెట్టుకుంది. పాల ప్యాకెట్ల లెక్క రాసే క్యాలెండర్ గడిలోనే, పొద్దున్నే మీటర్ అంకె కూడా రాస్తుంది. రోజుకి ఆరున్నర దాటకూడదని ఆవిడ హద్దు. దాటిన రోజు గడి చుట్టూ సుద్దముక్కతో గీత, ఆ రోజు ఇస్త్రీ రేపటికి వాయిదా. శ్రావణమాసంలో రాత్రి పదకొండు దాకా మిషన్ నడిచింది, బిల్లు 176 దగ్గర ఆగింది. ఇక చలికాలం రాబోతోంది. నానమ్మ నీళ్ళు కాచుకునే రాడ్ 1500 వాట్లది, ఇరవై నిమిషాలకి అర యూనిట్. దాన్ని కొలుస్తానంటే, "నా నీళ్ళ జోలికొస్తే చూడు" అని బకెట్ పట్టుకుని కూర్చుంది.