కిరాయి గోడ

గోడకు ఒక మేకు కొట్టాలంటే మీరు ఎవరినైనా అడుగుతారా? మేం అడుగుతాం. అడగడానికి భయమేసి క్యాలెండర్‌ను కిటికీ ఊచకు కట్టుకున్న ఇళ్ళల్లో కూడా ఉన్నాం. హైదరాబాద్‌లో మాకిది ఏడో కిరాయి ఇల్లు. పాతబస్తీలో అయితే పేరు చెబితే ఎవరూ తలుపెయ్యరు. కానీ నా ఆఫీసు ఇటు, పిల్ల బడి ఇటు. ఇటువైపు టులెట్ బోర్డు చూసి ఫోన్ చేస్తే నా తెలుగు విని అంతా బాగానే మాట్లాడతారు. పేరు అడుగుతారు. చెప్పగానే 'అయ్యో, నిన్ననే ఇచ్చేశామండీ' అంటారు. బోర్డు మాత్రం ఇంకో నెల అక్కడే వేలాడుతుంది.

అలా దొరికిన ఇంట్లో మా బిడ్డకు స్పీడ్ బ్యాగ్ కావాలట.

తప్పు నాదే. 2022 మే 19న ఇస్తాంబుల్‌లో నిఖత్ జరీన్ 52 కిలోల విభాగంలో ప్రపంచ చాంపియన్ అయింది. ఆ రాత్రి డెస్క్‌లో మిత్రుడొకడు ఆ పేరుకు అర్థమేమిటని అడిగాడు. నిఖత్ అంటే పరిమళం, జరీన్ అంటే బంగారుది అని చెప్పాను. 'మన నిజామాబాద్ అమ్మాయి' అని హెడ్డింగు పెట్టింది కూడా నేనే. ఆ 'మన' అన్న మాట టులెట్ బోర్డుల కింద నిలబడ్డప్పుడు ఎటు పోతుందో నాకు తెలియదు. మర్నాడు పేపరు ఇంటికి తెచ్చి బిడ్డకు చూపించాను. వారంలో తను బాక్సింగ్‌లో చేరతానంది.

మా ఖాలా బుగ్గలు నొక్కుకుంది. 'పోట్టీకు ముక్కేబాజీ కైకు?' ఆడపిల్లకు ఆ పొట్టి నిక్కర్లేమిటని తమ బంధువులూ అన్నారని నిఖత్ నాన్నే విలేకరులకు చెప్పారు. 2023 మార్చిలో ఢిల్లీలో 50 కిలోల్లో ఆ అమ్మాయి రెండోసారి గెలిచాక ఖాలా గొంతు కొంచెం తగ్గింది. పూర్తిగా పోలేదు.

స్పీడ్ బ్యాగ్ అంటే చిన్న సొరకాయ బుర్రలాంటి తోలు సంచి. లోపల గాలి నింపిన రబ్బరు బ్లాడర్. పైన ఒక గుండ్రటి చెక్క, దాని నడుమ గిర్రున తిరిగే కొక్కెం, కొక్కేనికి సంచి. పిడికిలితో కొడితే సంచి వెళ్ళి చెక్కకు వెనక తగులుతుంది, ముందు తగులుతుంది, మళ్ళీ వెనక తగులుతుంది. ఆ మూడు దెబ్బలూ విని నాలుగోది మనం కొట్టాలి. కంటికంటే చెవికి పని ఎక్కువ. భుజాలు దించకుండా మూడు నిమిషాలు కొట్టి చూడండి, తెలుస్తుంది.

సంచి కొనడం తేలిక. కష్టమంతా గోడ దగ్గరే. చెక్క ఏ మాత్రం ఊగినా దెబ్బ బలం గోడ తాగేస్తుంది, సంచి వంకరగా తిరిగొస్తుంది. గదికీ గదికీ నడుమ ఉండే నాలుగున్నర అంగుళాల అడ్డగోడ దీనికి పనికిరాదు. తొమ్మిది అంగుళాల బయటి గోడే కావాలి. బోల్టు ఇటుకలో దిగాలి, ఇటుకల మధ్య సిమెంటు అతుకులో కాదు. వెల్డింగ్ షాపులో యాంగిల్ ఫ్రేము చేయించాను. 19 ఎం.ఎం. ప్లైవుడ్ రెండు పొరలు ఫెవికాల్‌తో అతికించి, స్క్రూలు బిగించి, 24 అంగుళాల చక్రంగా కోయించాను. సంచి లావుపాటి భాగం కొట్టేవాళ్ళ నోటికి ఎదురుగా ఉండాలి. పిల్లేమో ఎదుగుతోంది. ఎదిగినప్పుడల్లా గోడకు కొత్త బొక్కలు పెట్టగలమా? అందుకని చెక్కను ముందే ఎత్తుగా బిగించి, పిల్ల కాళ్ళ కింద పలకలు పేర్చాను. ఎదిగేకొద్దీ ఒక్కో పలక తీసెయ్యాలి. గోడకు నాలుగు బొక్కలే. సొంతిల్లు ఉన్నవాడికి ఈ తెలివి ఎందుకొస్తుంది?

ఆ నాలుగింటికే ఓనరును అడిగాను. 'పుస్తకాలకు అల్మారా బిగించుకుంటం' అన్నాను. బిడ్డ పక్కనే ఉంది.

సాయిబుల ఇంట్లో ఆడపిల్ల గుద్దులు నేర్చుకుంటోందంటే ఏమనుకుంటారోనని నా భయం. నాలుగో రోజు ఓనరు పైకొచ్చాడు. చప్పుడేమిటని పక్కింటివాళ్ళు అడుగుతున్నారట. చెక్కను చూశాడు, సంచిని చూశాడు.

'అల్మారా అన్నరు గద సార్.'

రెండు భాషల్లో వార్తలు రాసేవాణ్ణి. ఒక్కదాంట్లోనూ జవాబు దొరకలేదు.

'బాక్సింగ్ అని చెప్తే వద్దంటనా?' అన్నాడు. అనేవాడో కాదో నాకిప్పటికీ తెలియదు. ఆయనకూ తెలియదేమో. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా వాళ్ళమ్మ పడుకుంటుంది, అప్పుడు మాత్రం వద్దని చెప్పి దిగిపోయాడు. ఫ్రేముకూ గోడకూ మధ్య పాత స్కూటర్ టైరు ముక్కలు పెట్టాను. చప్పుడు సగం తగ్గింది.

రాత్రి బిడ్డ అడిగింది. 'అబ్బా, ఝూట్ కైకు బోలే?'

టులెట్ బోర్డుల కథంతా చెప్పాను. విని, 'కానీ ఈ అంకుల్ ఇచ్చిండు గదా' అంది. ఇచ్చాడు. నిజమే. ఇయ్యనివాళ్ళకు చెప్పాల్సిన అబద్ధం ఇచ్చినవాడికి చెప్పాను.

ఇప్పుడు ఆ సంచి పనులన్నీ నావే. దెబ్బల అదురుకు నట్లు వదులవుతాయి, నెలకోసారి స్పానరు పట్టాలి. కొక్కేనికి ఒక్క చుక్క నూనె. గాలి కొట్టేముందు పంపు సూదిని తడపాలి, పొడి సూది దూరిస్తే వాల్వు చిరుగుతుంది. గాలి మరీ ఎక్కువైతే కుట్లు పిగులుతాయి. ముసురు రోజుల్లో తోలుకు బూజు పడుతుంది, గుడ్డతో తుడిచి గాలి తగిలేచోట పెట్టాలి. ఒకసారి బ్లాడర్ పోతే మా గల్లీ మోచీ లేసు విప్పి కొత్తది వేసిచ్చాడు. ఇది ఏ ఆటదని అడిగి, చెబితే, తన బిడ్డకూ చూపిస్తానన్నాడు.

పలకలు ఐదింటిలో రెండు తీసేశాం. ఈసారి అగ్రిమెంటు తిరగరాసేటప్పుడు ఓనరు ఒక షరతు కలిపాడు. ఖాళీ చేసేటప్పుడు ఆ నాలుగు బొక్కలూ పూడ్చి, రంగు వేసివ్వాలి. సంతకం పెట్టాను. వైట్ సిమెంటు పొట్లం ఒకటి అప్పుడే తెచ్చి సజ్జ మీద పెట్టాను.