42వ నంబరు రోడ్డుకు ఏ బండి?

మదనపల్లె టమాటా మార్కెట్‌కు పోయే దారిలో ఒక మెకానిక్ షెడ్డు. పైన రేకులు, కింద ఆయిలు పీల్చి నల్లబడ్డ నేల. పొద్దున్నే నాలుగు బండ్లు వరసలో ఉన్నాయి: యమహా ఆర్15, పల్సర్ ఆర్ఎస్200, సుజుకి జిక్సర్ ఎస్ఎఫ్, ఓ మూలన పాత ఆర్ఎక్స్100. నేను అడగాలనుకున్నదానికి ఇంతకన్నా మంచి చోటు దొరకదనిపించింది.

ఈ ప్రాంతంలో ఇరవై ఏళ్ల కుర్రాడికి మామూలుగా ఒక్కటే బండి ఉంటుంది. దాని మీదే కాలేజీకి పోవాలి, నాన్నను మండీ దగ్గర దించాలి, అమ్మను ఆసుపత్రికి తీసుకుపోవాలి, పండగకు బెంగళూరు నుంచి ఇంటికి రావాలి, ఆదివారం హార్స్‌లీ హిల్స్ ఎక్కాలి. అయినా అతనికి స్పోర్ట్స్ బండే కావాలి. ఆ కోరికలో నాకు తప్పేమీ కనిపించదు. 250 సీసీ లోపల ఇన్ని పనులకూ నిలబడేది ఏది? బండ్లు అమ్మేవాళ్లకన్నా విప్పేవాళ్లు చెప్పేది వినాలని మదనపల్లె, పుంగనూరు, కుప్పం షెడ్లకు బయల్దేరాను. మూడు ఊళ్లూ ఒకే దారిలో ఉన్నాయి. అనంతపురం, కదిరి మీదుగా వచ్చే 42వ నంబరు జాతీయ రహదారి మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, వి.కోట, కుప్పం దాటి కృష్ణగిరి చేరుతుంది.

షెడ్డు యజమానిని అందరూ భాయ్ అనే పిలుస్తున్నారు. యాభై దాటిన మనిషి. నా ప్రశ్న వినగానే ఆర్ఎక్స్100 ట్యాంకు మీద చెయ్యి వేశాడు. "ఈ ఊళ్ల స్పోర్ట్స్ బండి అంటే మొదట ఇదే సార్. ఇప్పుడొచ్చే పిల్లోళ్లు సీసీ అడగతారు, బరువు అడగరు."

అతని మాటలో పెద్ద విషయమే ఉంది. 1985లో వచ్చి 1996లో ఆగిపోయిన ఆ టూ స్ట్రోక్ బండి ఇంజను 98 సీసీ, సత్తువ 11 హార్స్‌పవర్. బరువు వంద కిలోల చుట్టుపక్కలే కాబట్టి అంత ఊపుగా లాగేది. 2008లో యమహా ఆర్15 తెచ్చినప్పుడు 150 సీసీ బండికి నీళ్లతో చల్లబడే ఇంజను, ఆరు గేర్లు, రేసు బండి తరహా డెల్టాబాక్స్ ఫ్రేము ఇచ్చింది. ఇప్పటి నాలుగో తరం ఆర్15 బరువు దాదాపు 142 కిలోలు. 155 సీసీ ఇంజను 10,000 ఆర్‌పీఎం దగ్గర 18.4 పీఎస్ సత్తువ ఇస్తుంది. జిక్సర్ ఎస్ఎఫ్ కూడా 155 సీసీయే, కానీ గాలికి చల్లబడే మామూలు ఇంజను, 13.6 పీఎస్. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెడితే కుర్రాళ్లు ఇంకేమీ అడగరు.

అడగాల్సింది లాగుడు గురించి. ఆర్15 గరిష్ఠ టార్క్ 14.2 న్యూటన్ మీటర్లు, అది 7,500 ఆర్‌పీఎం దగ్గర అందుతుంది. జిక్సర్‌కు 13.8, కానీ 6,000 దగ్గరే వచ్చేస్తుంది. సీజన్లో మార్కెట్ రోడ్డు మీద క్రేట్ల లారీల వెనక రెండో గేర్లో పాకుతూ పోయేవాడికి ఆ తేడా ప్రతి నిమిషం తెలుస్తుంది. ఆర్15లో సుమారు 7,400 దగ్గర వాల్వుల కామ్ మారి రెండో ఊపిరి అందుతుంది. ఊళ్లో అంతదాకా తిప్పే సందు ఎక్కడిది? హాఫ్ క్లచ్చులోనే నడిపేవాళ్ల క్లచ్ ప్లేట్లు ఎట్లా నల్లబడతాయో భాయ్ డబ్బాలోంచి తీసి చూపించాడు.

అదే రోడ్డు గురించి ఇంకో సంగతి చెప్పాడు. క్రేట్లలోంచి జారిన టమాటాలు టైర్ల కింద నలిగి రోడ్డంతా జారుడుగా ఉంటుంది. బ్రేకు పట్టినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నిటికీ తప్పనిసరి అయింది 2019 ఏప్రిల్ 1 నుంచే. అంతకు ముందటి సెకండ్ హ్యాండ్ బండి చౌకగా వస్తుందని తెచ్చుకునేవాళ్లు ముందు చక్రం దగ్గర ఏబీఎస్ సెన్సరు ఉందో లేదో వంగి చూసుకోవాలి.

హార్స్‌లీ హిల్స్ ఘాట్ రోడ్డు మీద మాత్రం నా మనసు ఆర్15 వైపే పోయింది. సుమారు 1,265 మీటర్ల ఎత్తుకు ఎక్కే ఆ దారిలో వంపు తర్వాత వంపు. చూపు ఎటు తిరిగితే బండి అటు తిరుగుతుంది, మధ్యలో గేరు దించినా వెనక చక్రం తొణకదు, స్లిప్పర్ క్లచ్ ఆ పని చూసుకుంటుంది. ఇంజను తన గొంతుతో పాడేది ఇక్కడే. ఒంటరిగా, ఖాళీ రోడ్డు మీద, పొద్దున ఆరింటికి నడిపేవాడికి ఇంతకన్నా మంచి 155 సీసీ బండి నాకు తెలియదు. ఆ మాట మనస్ఫూర్తిగా రాస్తున్నాను.

పుంగనూరు షెడ్డులో మాత్రం లెక్క మారింది. అక్కడ ఓ రైతు, కొడుకు ఆర్15కు సర్వీసు చేయించడానికి వచ్చి బల్ల మీద కూర్చున్నారు.

"వాడు కొన్యాడు సార్. నేనైతే ఎక్కను. ఎక్కితే వాడి వీపు మీదనే పడతా," అన్నాడు తండ్రి.

"బ్రేకు కొడతానే నువ్వు ముందరికి జారతావు నాయనా, నేనేం చేసేది?" అన్నాడు కొడుకు.

ఇద్దరి మాటా నిజమే. వెనక సీటు ఎత్తుగా, చిన్నగా, ముందుకు వాలి ఉంటుంది. ముందున్నవాడి చేతుల మీద ఇద్దరి బరువూ పడుతుంది. కేటీఎం ఆర్సీ200 ఇంకా కటువు. 25 పీఎస్ ఇంజను అద్భుతమే గానీ, సీటు ఎత్తు, మణికట్ల మీద భారం చూస్తే ఇంటి పనులకు ఇష్టపడి తీసే బండి కాదు. పల్సర్ ఆర్ఎస్200 166 కిలోలు తూగినా కూర్చునే తీరు నయం. బజాజ్ సామాను ఏ ఊళ్లోనైనా దొరుకుతుందని అక్కడి మెకానిక్ ఓటు దానికే వేశాడు. బండి ఒంటిని కప్పే ప్లాస్టిక్ తొడుగు, అదే ఫెయిరింగ్ గురించి మాత్రం అన్ని బండ్లకూ కలిపి ఒకటే చెప్పాడు: "పడితే మామూలు బండికి గుండీ ఊడతాది సార్, దీనికి చొక్కా అంతా చిరగతాది."

ఆ షెడ్డు గోడకు ఊడదీసిన చీర గార్డులు వేలాడుతున్నాయి. వెనక కూర్చున్నవాళ్ల బట్టలు చక్రంలో పడకుండా ఆ అడ్డు ఉండాలని మోటారు వాహనాల నిబంధనలే చెబుతున్నాయి. స్పోర్ట్స్ బండికి అది అందంగా లేదని పిల్లలు కొన్న వారంలోనే తీయించేస్తారు. తర్వాత అదే బండి మీద అమ్మ పక్కకు తిరిగి కూర్చుంటుంది, కొంగు గాలికి ఎగురుతుంది. నాకు ఈ విషయంలో సర్దుకుపోయే ఉద్దేశం లేదు. గార్డు బిగించడానికి వీలులేని బండి ఇంటిల్లిపాదికీ పనికొచ్చే బండి కాదు.

పలమనేరు దాటాక కౌండిన్య అభయారణ్యం ఏనుగులు రోడ్డు మీదికి వచ్చే చోట్లు ఉన్నాయి. ఏ హెడ్‌లైట్ ఎంత గొప్పదైనా అక్కడ రాత్రి ప్రయాణం వద్దు.

కుప్పం మూడు రాష్ట్రాలు కలిసే చోటు. షెడ్డు ముందు ఏపీ, కేఏ, టీఎన్ నంబర్లు మూడూ ఉన్నాయి. బెంగళూరులో సెకండ్ హ్యాండ్ తెచ్చుకోవడం ఇక్కడ మామూలే. ఇంకో రాష్ట్రంలో పన్నెండు నెలలు దాటి ఉంచుకునే బండికి అక్కడి నంబరు తీసుకోవాలని చట్టం; ఎన్‌ఓసీ, కొత్తగా కట్టే రోడ్డు ట్యాక్సు కలిపితే చౌక బేరం అంత చౌకగా ఉండదు. ఈ షెడ్డు కుర్ర మెకానిక్‌ది. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 కాలుష్య నిబంధనలు వచ్చాక ఇట్లాంటి బండ్లలో కార్బురేటర్ కనిపించదు, అంతా ఫ్యూయల్ ఇంజెక్షనే. స్క్రూ తిప్పి సరిచేసే కాలం పోయింది. ఇతను స్కానర్ తగిలించి లోపం చదువుతున్నాడు.

"250 సీసీ దాటినా, హోసూరులో తయారయ్యే అపాచీ ఆర్ఆర్310 మనకు దగ్గర బండి గదా?" అన్నాను. "బండి బంగారం సార్. ఖర్చే వేరే లెక్క," అన్నాడు.

అక్కడే ఓ తండ్రీ, డిగ్రీ చదివే కొడుకూ నా అభిప్రాయం అడిగారు. ఒక్కటే చెప్పమంటే జిక్సర్ ఎస్ఎఫ్ 250 అన్నాను. 249 సీసీ, 26.5 పీఎస్, 22.2 న్యూటన్ మీటర్ల లాగుడు, 161 కిలోలు. ఇద్దరు ఎక్కినా హైవే మీద ఇంజను ఆయాసపడదు, ఆయిలుతోనే చల్లబడుతుంది కాబట్టి రేడియేటర్ గొడవ లేదు, హ్యాండిలు ఎత్తులో ఉండి నడుము నిలువుగా ఉంటుంది. డబ్బు చాలకపోతే 155 సీసీ తమ్ముడు చాలు. సర్వీసు సెంటరు ఎంత దూరమో ముందే కనుక్కోమన్నాను. అది మరీ దూరమైతే ఆర్ఎస్200 మేలు. ఇద్దరూ కలిసే టెస్ట్ రైడుకు పోవాలని, తిరిగొచ్చేటప్పుడు తండ్రి వెనక కూర్చోవాలని గట్టిగా చెప్పాను.

కొడుకు చూపు ఇంకా బయట నిలబడ్డ ఆర్15 మీదే ఉంది. తండ్రి కాసేపు ఆలోచించాడు. "ఏదన్నా తీసుకోప్పా, చీర గార్డు మాత్రం ఊడదీసేది లేదు. మీయమ్మ ఎక్కాల," అన్నాడు. కొడుకు తలూపి, 250కి ఆ గార్డు ఎంతవుతుందని మెకానిక్‌ను అడిగాడు.