వదిన పరీక్ష

పరీక్షలంటే ఏమిటో మన కళాశాల మిత్రులకు కొత్తగా చెప్పనక్కరలేదు. హాలుటికెట్టు, నంబరు వెతుక్కోవడం, చివరి పది నిమిషాల హడావుడి, ఇవన్నీ మనకు అలవాటే. నేనిక్కడ చెప్పబోయేది మా ఇంట్లో జరిగిన ఇంకో పరీక్ష సంగతి. రాసింది మా వదిన. చదివించింది నేను. ఎక్కువ నేర్చుకున్నదెవరో చివరికి మీరే తేల్చండి.

మాది విడవలూరు మండలంలో సముద్రానికి దగ్గరగా ఉండే పల్లె. ఒకవైపు పెన్నా కాలవ కింద వరి, ఇంకోవైపు రొయ్యల గుంటలు. 2021 నవంబరులో పెన్నకు వరదొచ్చినప్పుడు మా పొలం మునిగింది. అప్పుడు చేసిన అప్పు వడ్డీతో కలిసి ఇప్పటికీ మా గడపలోనే కూర్చుని ఉంది. అన్నయ్య సొంత రెండెకరాలు కాక ఇంకో నాలుగెకరాలు కౌలుకు చేస్తాడు. ఎడగారు పంట బాగా పండినా కౌలు కొలిచాక మిగిలేది ఇంటిల్లిపాది తిండికే సరి.

రెండేళ్ళ కిందట మా జేజి జారిపడి తుంటి విరిగింది. ఏడు నెలలు మంచంలోనే ఉండి పోయింది. ఆ ఏడు నెలలూ చూసింది మా వదినే. ఒకసారి జేజిని నెల్లూరు తీసుకుపోయినప్పుడు డాక్టరుగారు వీపంతా తిప్పి చూసి, "ఇన్నాళ్ళు మంచంలో ఉన్నా ఒక్క పుండు లేదే! ఎవరమ్మా చూస్తున్నారు?" అని అడిగారు. వదిన తల వంచుకుని ఊరుకుంది. అక్కడున్న నర్సుగారు మాత్రం వదలకుండా, "నువ్వు జి.డి.ఏ. చెయ్యొచ్చు గదమ్మా" అన్నారు.

జి.డి.ఏ. అంటే జనరల్ డ్యూటీ అసిస్టెంటు. 2015లో మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన కింద నేర్పిన పనుల్లో ఇదీ ఒకటి. రోగికి పక్క సర్దడం, ఒళ్ళు తుడవడం, తినిపించడం, పక్కకు తిప్పడం, నాడి చూసి రాయడం, మొత్తం మీద నర్సుకు చేదోడుగా ఉండడం. శిక్షణ అయ్యాక రాతపరీక్ష, చేసి చూపించే పరీక్ష, నోటి ప్రశ్నలు. పాసైతే సర్టిఫికెట్టు.

జేజి పోయిన కొన్నాళ్ళకు వదిన ఈ మాట ఎత్తింది. నాయనకు కోపమొచ్చింది. "మనింటి కోడలు నెల్లూరు పోయి ముక్కూ మొహం తెలియనోళ్ళ ఉచ్చలెత్తాల్నా?" అన్నాడు.

వదిన గొంతు పెంచలేదు. "జేజివి ఎత్తినప్పుడు లేని తప్పు ఇప్పుడెట్టా వచ్చింది మామయ్యా?" అంది.

నాయన తువ్వాలు భుజాన వేసుకుని చేనికి పోయాడు. మా ఇంట్లో దాన్నే ఒప్పుకోవడం అంటారు.

అసలు చిక్కు తర్వాత వచ్చింది. చేరిన చోట ఇచ్చిన పుస్తకం ఇంగ్లీషు. వదిన పదో తరగతి పాసై పన్నెండేళ్ళయింది. మొదటి రాత్రి పుస్తకం తెచ్చి నా ముందు పెట్టి, "అబ్బయా, ఇందులో నాకు తెలిసిన మాట ఒక్కటీ లేదు. డబ్బులు కట్టి పరువు పోగొట్టుకుంటానేమో" అంది. సైన్సు విద్యార్థిని గదా, నాకదొక లెక్కా అనుకున్నాను. ఆ వేసవి సెలవులన్నీ రోజూ రాత్రి భోజనాలయ్యాక వసారాలో లైటు కింద మా బడి నడిచింది.

"వైటల్ సైన్స్ అంటే ఏంది?"

"మనిషి ప్రాణం ఎట్టా ఉందో చెప్పే గుర్తులు. ఒంటి వేడి, నాడి, ఊపిరి, రక్తపోటు."

"ఓస్, అంతేనా!"

'ఫౌలర్స్ పొజిషన్' అన్నచోట ఆగిపోయింది. తలవైపు ఎత్తి సగం కూర్చున్నట్టు పడుకోబెట్టడమని చెప్పాను. "జేజికి గంజి తాపేటప్పుడు వీపు కింద దిండ్లు పెట్టేదాన్ని, అదేగా! పడుకోబెట్టి తాపితే పొలమారదూ?" అంది. ఒక్కొక్క ఇంగ్లీషు మాట పొట్టు ఒలిస్తే లోపల వదినకు ముందే తెలిసిన పని ఉండేది. సగం పుస్తకం ఇలాగే తేలిపోయింది.

గుండెకు నాలుగు గదులని నేను బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణే. కానీ నిద్రపోతున్న మనిషి మణికట్టు మీద నాడి ఎక్కడ దొరుకుతుందో వదిన వేళ్ళకు తెలిసినంత నా వేళ్ళకు తెలియదు. బొటనవేలితో చూడకూడదని, దానికి సొంత నాడి ఉండి లెక్క తప్పిస్తుందని పుస్తకంలో చదివి ఇద్దరం ఆశ్చర్యపోయాం. పొలంనుంచి వచ్చిన అన్నయ్యే మా రోగి. పెద్దవాళ్ళకు నాడి నిమిషానికి 60 నుంచి 100, ఊపిరి 12 నుంచి 20 ఉండాలి. ఊపిరి లెక్కపెడుతున్నామని రోగికి తెలియనివ్వకూడదు. తెలిస్తే మనిషి తనకు తెలియకుండానే ఊపిరి మారుస్తాడు. అందుకని వదిన నాడి చూస్తున్నట్టు చెయ్యి పట్టుకుని, అన్నయ్య రొమ్ము వైపు చూసి లెక్కపెట్టేది. అన్నయ్యేమో, "పెళ్ళయిన ఇన్నేళ్ళకు నా చెయ్యి పట్టుకున్నావే" అనేవాడు.

ఆసుపత్రి చెత్త ఏ రంగు డబ్బాలో వెయ్యాలన్నది ఇంకో గండం. 2016 నిబంధనల ప్రకారం పసుపు, ఎరుపు, తెలుపు, నీలం. రక్తమంటిన దూది ఎరుపులోకి పోతుందని ఎవరైనా అనుకుంటారు. పోదు, పసుపులోకి పోవాలి. ప్లాస్టిక్ గొట్టాలు, గ్లౌజులు ఎరుపులోకి. సూదులు గుచ్చుకోని తెల్లడబ్బాలోకి. గాజు సీసాలు నీలంలోకి. వదిన నాలుగు గిన్నెలకు రంగు కాగితాలు అంటించి వంటింట్లోనే సాధన చేసింది.

అన్నీ ఇలా నవ్వుతూ సాగలేదు. మంచం పుండ్ల పాఠం వచ్చింది. ఎముక ఉబ్బెత్తుగా ఉన్నచోట చర్మం ఎర్రబడితే అక్కడ రుద్దకూడదని ఉంది. ఆ చర్మం కింద నలిగి ఉంటుంది, రుద్దితే ఇంకా దెబ్బతింటుంది. నేను చదివి చెప్పగానే వదిన మొహం మారిపోయింది. "జేజికి తుంటి మీద ఎర్రబడితే కొబ్బరినూనె పెట్టి గట్టిగా రుద్దేదాన్ని గదా అబ్బయా. అప్పుడు మూలిగేది. నేనే బాధపెట్టానా?" అంది. ఏం చెప్పాలో నాకు తోచలేదు. కాసేపయ్యాక, "నువ్వు వేళకు తిప్పినందుకే పుండు పడలేదు వదినా" అన్నాను. అది నిజం కూడా. రెండు గంటలకొకసారి తిప్పాలని పుస్తకం చెబుతుంది. వదిన గడియారం చూడకుండా పొద్దున బస్సుకు, పాలవాడికి, బడి గంటకు, మధ్యాహ్నం బస్సుకు తిప్పేది. అయినా ఆ రాత్రి పుస్తకం మూసి చాలాసేపు చీకట్లో కూర్చుంది.

మర్నాడు తనే అంది: "ప్రేమ ఉంటే చాలదబ్బయా, తెలియాల కూడా."

ఈ మాట నన్ను వదల్లేదు. ఫ్లోరెన్స్ నైటింగేల్ 1859లో నర్సింగుపై రాసిన చిన్న పుస్తకం ఉద్యోగపు నర్సుల కోసం రాసింది కాదు. ఇంట్లో ఇంకొకరి ఆరోగ్యం చూసే మామూలు స్త్రీల కోసం రాసింది. మన జిల్లాకూ ఈ విద్య కొత్త కాదు. 19వ శతాబ్దం చివరికే అమెరికన్ బాప్టిస్టు మిషన్ వారు నెల్లూరులో స్త్రీలకు, పిల్లలకు ఆసుపత్రి నడిపారు. మా మండలంలోని అలగానిపాడులో పుట్టిన పుచ్చలపల్లి సుందరయ్యగారి తమ్ముడు డాక్టర్ రామచంద్రారెడ్డిగారు నెల్లూరులో ప్రజావైద్యశాల పెట్టి, ఎందరో పల్లెటూరి యువకులకు వైద్యంలో తర్ఫీదు ఇచ్చారు. తెలిసినవాళ్ళు తమకు తెలిసింది పల్లెవాళ్ళకు అందేటట్టు చెప్పడమే వీటన్నిటిలో ఉన్న అసలు విషయమని నాకనిపిస్తుంది.

పరీక్ష నెల్లూరులో జరిగింది. నేను బయట వేపచెట్టు కింద నిలబడ్డాను. లోపల మంచం మీద మనిషి బొమ్మను పెట్టి, పక్కకు తిప్పి చూపించమన్నారట. ఏ పనైనా చేసేముందు రోగికి చెప్పాలన్నది నియమం. బొమ్మే గదా అని కొందరు ఆ మాట మరిచారు. వదిన బొమ్మ భుజం మీద చెయ్యి వేసి, "అమ్మా, ఇటుపక్కకు తిప్పుతున్నా, భయపడబాక" అందట. పరీక్ష చేసేవారు నవ్వి, కాగితం మీద ఏదో రాసుకున్నారట.

వదిన పాసయింది. ఇప్పుడు నెల్లూరులో ఒక ఆసుపత్రిలో పనిచేస్తోంది. జీతం గొప్పది కాదు, అప్పు ఒక్కసారిగా తీరదు. రాత్రి డ్యూటీలు, నిలబడి నిలబడి కాళ్ళ వాపులు ఉన్నాయి. ఊళ్ళోవాళ్ళు సూది వెయ్యమని వస్తే, "అది నా పని కాదు, నాకు నేర్పలేదు" అని చెప్పి, కావాలంటే ఆటో ఎక్కించి ఆసుపత్రికి తీసుకుపోతుంది. తనకు తెలిసిందెంతో తెలిసినంత కచ్చితంగా, తెలియనిదెక్కడ మొదలవుతుందో కూడా తెలియడం ఆ సర్టిఫికెట్టులో పెద్ద భాగమని నేను అనుకుంటున్నాను. ఇంకో మార్పూ వచ్చింది. ఒకప్పుడు బస్సులను బట్టి గుర్తుపెట్టుకున్నది ఇప్పుడు గంట వేసి కాగితం మీద రాస్తుంది. ఆమె ఇంటికొచ్చాక డ్యూటీకి దిగిన ఇంకో అమ్మాయి ఆ కాగితం చూసి, తర్వాత తిప్పాల్సిన వేళ తెలుసుకుంటుంది. ఇంట్లో ఒక్కరి చేతిలో ఉన్న నేర్పు ఇలా పదిమంది చేతుల్లోకి పోతుంది.

మిత్రులారా, మనం సైన్సు చదువుతున్నాం. రికార్డుల్లో చక్కటి బొమ్మలు గీస్తున్నాం. సెలవులకు ఊరికి పోయినప్పుడు మన వీధిలో ఎవరో ఒక వదిన, ఒక అక్క, ఒక పిన్నమ్మ ఇంగ్లీషు పుస్తకం ముందు బిత్తరపోయి కూర్చుని ఉంటారు. వాళ్ళకు ఒక్క గంట ఇవ్వండి. పొట్టు ఒలిచి గింజ చేతిలో పెట్టండి. మిగతాది వాళ్ళే చూసుకుంటారు.

— బి.యస్సీ. తృతీయ సంవత్సరం, జంతుశాస్త్రం