బుల్లెట్‌కి నాడా

మామయ్యగారి పాత బుల్లెట్‌కి మావాడు ఎత్తు హ్యాండిల్ పెట్టించాడు. చూడ్డానికి బానే ఉంది కానీ, క్లచ్ కేబుల్ చాల్లేదు. హ్యాండిల్ పూర్తిగా తిప్పితే కేబుల్ బిగిసి, క్లచ్ నొక్కినట్టే అయిపోయేది. ఇంజను అరుపే గానీ బండి కదలదు. మిరప సీజన్లో చిలకలూరిపేట హైవే మీద, లారీల మధ్య అలా ఆగితే? నాకు నిద్రపట్టేది కాదు.

గుంటూరు షాపుల్లో కంపెనీ సైజే ఉంది. విజయవాడ ఆటోనగర్‌లో కొలతిస్తే చేసిస్తామన్నారు. జాకెట్లు కుట్టే టేపు నా దగ్గరుండగా ఇంకొకరెందుకు? హ్యాండిల్ అటూ ఇటూ తిప్పించి, కేబుల్ వెళ్ళే దారెంట పురికొస పెట్టి కొలిచాను. నాలుగంగుళాలు తక్కువ.

ఇది మన లంగా నాడా లాంటిదేనండీ. పై గొట్టం ఎంత పెంచితే లోపలి తీగా అంతే పెరగాలి, బయటికొచ్చే కొసలు మాత్రం పాత కొలతే. తీగ ఎక్కువైతే ఎంత నొక్కినా గేరు సరిగ్గా పడదు, తక్కువైతే మళ్ళీ మొదటి తంటాయే. అందుకే పాత కేబుల్ కూడా ఇచ్చి పంపాను. తీగ చివర గుండుకి టంకం గట్టిగా పెట్టించమని మావారికి రెండుసార్లు చెప్పాను (విసుక్కున్నారనుకోండి).

కొత్తది బిగించాక హ్యాండిల్ ఆ కొసకీ ఈ కొసకీ నేనే తిప్పి చూశాను. ఆ తర్వాతే తాళం మావాడి చేతికిచ్చాను.